పిస్టల్ లైట్ అద్దానికి మసి అంటుకోకుండా నేను చేసేది

9 ఎంఎం పిస్టల్ కింద బిగించిన లైట్ అద్దం ఒక్కసారి రేంజ్‌కి (కాల్పులు ప్రాక్టీసు చేసే చోటికి) వెళ్ళొస్తేనే నల్లబడుతోందని, గుడ్డతో ఎంత రుద్దినా పోవడం లేదని, ఏం చెయ్యాలని ఒకరు అడిగారు. నేనుండేది టెక్సాస్‌లో. గ్రీన్ కార్డ్ వచ్చాకే పిస్టల్ కొన్నాను, ఐదేళ్ళుగా నెలకోసారి రేంజ్‌కి వెళ్తున్నాను. ఇది చదివేవాళ్ళలో హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళెవరైనా ఉంటే ముందు ఒక మాట: ఆ వీసాతో తుపాకీ దగ్గర పెట్టుకోవడాన్ని ఇక్కడి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. లాయర్ని అడక్కుండా ముందుకెళ్ళకండి.

ఇక అసలు విషయం. మా నాయనమ్మ పొద్దుగూకకముందే లాంతరు చిమ్నీ తీసి పాతగుడ్డతో తుడిచేది. ఏ రోజుకారోజు మసి ఇట్టే వచ్చేసేది. రెండ్రోజులు వదిలేస్తే మాత్రం బూడిద వేసి తోమాల్సిందే. ఇక్కడా అంతే. పేల్చిన ప్రతిసారీ మంటతో పాటు పొగ, సగం కాలిన మందు రేణువులు, సీసం పొడి అద్దం మీద పడతాయి. మీ లైట్ తీసి చూడండి, తూటా బయటికొచ్చే గొట్టానికి దగ్గరగా ఉండే పై సగమే ఎక్కువ నల్లగా ఉంటుంది. తర్వాత కాల్చే రౌండ్ల (తూటాల) వేడికి ఆ పొర మాడి గట్టిపడుతుంది. కాబట్టి రుద్దే మందు వెతకడం కన్నా అంటుకోకుండా చూడటమే తేలిక.

రేంజ్‌కి బయల్దేరే ముందు పిస్టల్ ఖాళీ చేస్తాను. మ్యాగజైన్ (తూటాలుండే పెట్టె) తీసి, స్లైడ్ (పిస్టల్ మీద కదిలే పైభాగం) వెనక్కి లాగి, తూటా కూర్చునే ఛాంబర్‌లోకి కంటితో చూసి, వేలు పెట్టి కూడా చూసుకుంటాను. లైట్ ఊడదీశాకే అద్దం ముట్టుకుంటాను, గొట్టం ముందు చెయ్యి పెట్టే పనే ఉండదు. అద్దం మీద పెదాలకి రాసుకునే మామూలు చాప్‌స్టిక్ (లిప్ బామ్) ఒక్కసారి రాసి, వేలితో పల్చగా పరుస్తాను. మందంగా రాస్తే వెలుగు మసకబారుతుంది, దుమ్మూ పట్టేస్తుంది. వేలిముద్ర కనిపించీ కనిపించనంత పొర చాలు. 150 రౌండ్లు కాల్చి ఇంటికొచ్చాక టిష్యూతో ఒక్క తుడుపు తుడిస్తే జిడ్డుతో పాటు మసీ వచ్చేస్తుంది. వాజలైన్ కూడా పనిచేస్తుంది. ప్లాస్టర్ టేప్ అంటించి చూశాను కానీ వేడికి దాని జిగురు అద్దానికే పట్టుకుంది, నాకు నచ్చలేదు.

ఇప్పటికే గట్టిపడ్డ మసి సంగతి వేరే. ముందు మీ లైట్ అద్దం గాజో ప్లాస్టిక్కో తెలుసుకోండి. ఇప్పుడు నేను వాడే స్ట్రీమ్‌లైట్ టీఎల్‌ఆర్-1 హెచ్‌ఎల్‌ది గాజు. దానికి చిన్నపిల్లలు వాడే తెల్ల పెన్సిల్ రబ్బరు చాలు. కొద్దిగా ఆల్కహాల్ అద్ది, ఐదు నిమిషాలు నాననిచ్చి, గుండ్రంగా రుద్దితే నల్లటి పొడి రాలుతుంది. వంటింట్లో గోడల మరకలకి వాడే తెల్ల స్పాంజి కూడా గాజు మీద వాడొచ్చు. ప్లాస్టిక్ మీద వద్దు, అది సన్నటి గరుకు కాగితం లాంటిదే.

నా మొదటి లైట్‌ది ప్లాస్టిక్ అద్దం. ఆ సంగతి తెలియక కారు బ్రేకులు కడిగే స్ప్రే కొట్టాను. మసి పోయింది కానీ నిమిషంలో అద్దం పాలరంగుకి తిరిగి, సాలెగూడులా సన్నటి పగుళ్ళు వచ్చాయి. గోడ మీద వేసి చూస్తే వెలుగంతా చెదిరిపోయింది. కొత్తది కొనక తప్పలేదు. ఆ స్ప్రే, అసిటోన్, తుపాకీ గొట్టం కడిగే ఘాటు మందులు ప్లాస్టిక్ దగ్గరికి రానివ్వకండి. దానికి సబ్బునీళ్ళు, మెత్తటి గుడ్డ, ఓపిక చాలు.

శుభ్రం చేశాక చీకటి గదిలో తెల్లగోడ మీద వెలిగించి చూడండి. నడిమి వెలుగు గుండ్రంగా, తెల్లగా పడుతుంటే అంచున మిగిలిన బూడిదరంగు జోలికి వెళ్ళకండి. దాన్ని గీకబోతే పడే గీతలు ఆ మసి కన్నా చేటు.

తుడిచిన టిష్యూలో సీసం ఉంటుంది. పిల్లలకి అందకుండా పారేసి, చేతులు చల్లటి నీళ్ళతో, సబ్బుతో కడుక్కోండి. అద్దానికి రాసే చాప్‌స్టిక్ వేరుగా ఉంచండి. నాదానికి ఎర్ర టేప్ చుట్టి రేంజ్ బ్యాగులోనే వేశాను, మా పాప ఎక్కడ తీసి పెదాలకి రాసుకుంటుందోనని.