రెండు జాజ్ పికప్‌లలో ఒకటి తగ్గిస్తే వచ్చే రొద గురించి

తిరుపతిలో పనస చెక్కతో మీరు చేయించుకున్న బేస్ గిటార్‌లో, రెండు జాజ్ పికప్‌లలో (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు, ఫెండర్ జాజ్ బేస్ తరహావి) ఒకదాని వాల్యూమ్ తగ్గించగానే గుంయ్‌మని రొద వస్తోందని రాశారు. అది సోల్డరింగ్ లోపం కాదు. ఒక్కో పికప్‌లో ఒక్క కాయిలే (సన్నని రాగి తీగ చుట్ట) ఉంటుంది. రెండింటి చుట్టు దిశా, అయస్కాంత ధ్రువాలూ పరస్పరం వ్యతిరేకంగా ఉండటం వల్ల, రెండూ సమానంగా తెరిచినప్పుడే ఆ రొద రద్దవుతుంది. పికప్ కూర్చునే గుంటలో రాగి రేకు అంటించి ఎర్త్ చేస్తే ట్యూబ్‌లైటు చిటపటలు తగ్గుతాయే గానీ, ఆంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే రొద పోదు.

1957లో ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్‌కు వచ్చిన స్ప్లిట్ కాయిల్ (రెండు ముక్కలుగా ఉండే) పికప్, రెండేసి తీగలకొక కాయిల్‌తో రొదను తనలోనే రద్దు చేసుకుంటుంది. నాకు దాని నాదమే ఇష్టం. అయితే అందుకోసం పాలిష్ పూర్తయిన చెక్కను మళ్లీ తొలవాలి కనుక, జాజ్ ఆకారంలోనే దొరికే రెండు కాయిళ్ల హమ్‌బకింగ్ (రొదను రద్దు చేసే) పికప్‌లు, గుంట లోతు కొలుచుకుని కొనండి.