ఇంగ్లండ్‌లో నర్సింగ్ చదివే అమ్మాయికి ‘ఫిట్‌నెస్ టు ప్రాక్టీస్’ నోటీసు వస్తే...

ప్రశ్న: మా అమ్మాయి స్టూడెంట్ వీసా మీద ఇంగ్లండ్ వెళ్లి బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. హాస్పిటల్ ప్లేస్‌మెంట్‌లో ఒకరోజు ఒంట్లో బాగోలేక నాలుగు గంటలు ముందే రూముకి వెళ్లిపోయింది. టైమ్‌షీట్‌లో మాత్రం పూర్తి షిఫ్టు రాసుకుని, సూపర్‌వైజర్ పొట్టి సంతకం తనే పెట్టేసింది. ఇప్పుడు ‘ఫిట్‌నెస్ టు ప్రాక్టీస్’ (నర్సు వృత్తికి తగినదేనా అని తేల్చే) ప్యానెల్ ముందు హాజరు కావాలని యూనివర్సిటీ లెటర్ పంపింది. నాలుగు గంటల కోసం కోర్సులోంచి తీసేస్తారా? ఈలోగా మానేసి వేరే యూనివర్సిటీలో చేరితే మంచిదా? మేం ఇక్కడి నుంచి ఏం చేయగలం?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: తీసేసే అవకాశం ఉందండీ. ఆ మాట ముందే చెప్పడం నా బాధ్యత. అయితే తీసేసి తీరాలన్న రూలేమీ లేదు. విచారణ రోజులోపు మీ అమ్మాయి ఏం రాస్తుంది, ఏం చేస్తుందన్న దాని మీద చాలా ఆధారపడి ఉంటుంది.

మన దగ్గర హాజరు తక్కువైతే కండొనేషన్ ఫీజు కట్టి పరీక్ష రాసేస్తాం. మీరూ దీన్ని ఆ లెక్కలోనే చూస్తున్నట్టున్నారు. అక్కడ నర్సింగ్ డిగ్రీకి 4,600 గంటలు కావాలి, అందులో సగం, అంటే 2,300 గంటలు, ప్రాక్టీసులో గడపాలి. నాలుగు గంటలు తగ్గితే మరో రోజు వెళ్లి పూర్తి చేసుకోవచ్చు. ప్యానెల్ దాకా తెచ్చింది ఆ పొట్టి సంతకం. రేపు వార్డులో ఇలాగే ఇవ్వని మందు ఇచ్చినట్టు చార్టులో రాసి ఇనీషియల్స్ పెడితే తర్వాతి షిఫ్టు నర్సు ఆ కాగితాన్నే నమ్ముతుంది. మీ అమ్మాయి కోర్సు ముగించాక, ఈమె నడవడి మంచిదని యూనివర్సిటీ ధ్రువీకరిస్తేనే అక్కడి నర్సులను నమోదు చేసే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు చేరుతుంది. డాక్టర్లు, ఫార్మసిస్టులు, సోషల్ వర్కర్ల కోర్సుల్లోనూ ఇలాంటి విచారణలు ఉన్నాయి. మార్కులు ఎన్నొచ్చినా ఇందులో కాపాడవు.

ప్యానెల్ మూడు మెట్లుగా ఆలోచిస్తుంది: ఏం జరిగింది, దానివల్ల ఈ విద్యార్థి వృత్తికి తగదని అనుకోవాలా, అయితే ఏ చర్య తీసుకోవాలి. రుజువు చేయాల్సిన భారం యూనివర్సిటీదే. కాకపోతే క్రిమినల్ కేసులోలా అనుమానానికి తావులేనంత రుజువు అక్కర్లేదు, జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని తేలితే చాలు. సంతకం తనదేనని మీరే అంటున్నారు కాబట్టి మొదటి మెట్టు మీద పోట్లాడి లాభం లేదు.

బలమంతా రెండో మెట్టు మీద పెట్టాలి. అక్కడ చూసేది ఈరోజు ఆమె తగినదా కాదా అని. డాక్టర్ల విషయంలో 2008లో కోహెన్ కేసులో ఇంగ్లండ్ హైకోర్టు ఎత్తిచూపిన అంశాలు ఇక్కడా పనికొస్తాయి: ఆ తప్పు దిద్దుకోదగినదేనా, దిద్దుకున్నారా, మళ్లీ జరిగే అవకాశం బాగా తక్కువేనా. నిజాయితీకి సంబంధించిన తప్పు దిద్దుకోవడం కష్టమని ప్యానెళ్లు భావిస్తాయి, అందుకే స్టేట్‌మెంట్ మీద సమయం పెట్టమంటున్నాను.

ఆ స్టేట్‌మెంట్ ఆమే రాయాలి. ‘అందరూ చేస్తారు’, ‘నాలుగు గంటలే కదా’, ‘సూపర్‌వైజర్ దొరకలేదు’ అన్న మాటలు వద్దు. ఆరోజు ఒంట్లో ఎలా ఉంది, ఎవరికీ చెప్పకుండా ఎందుకు వెళ్లింది, ఆ గడిలో సంతకం పెట్టేటప్పుడు మనసులో ఏమనుకుంది, దానివల్ల ఆ వార్డుకు, సూపర్‌వైజర్‌కు ఏం నష్టం జరగొచ్చు, మళ్లీ అలాంటి రోజే వస్తే ఏం చేస్తుంది – ఇవన్నీ వరసగా, దాపరికం లేకుండా రాయాలి. మిగతా టైమ్‌షీట్లలో ఇలాంటిది ఇంకేదైనా ఉంటే ఇప్పుడే చెప్పేయాలి. ‘ఇదొక్కటే’ అని రాశాక ఇంకోటి బయటపడితే కాపాడటం ఎవరి తరమూ కాదు. ఆరోజు డాక్టర్‌కు చూపించుకుని ఉంటే ఆ కాగితం, ఇతర వార్డుల్లో ఆమె పని చూసిన నర్సుల లెటర్లు జతచేయాలి. ఆ లెటర్లు ఇచ్చేవాళ్లకు ఆరోపణ ఏమిటో తెలిసి ఉండాలి, లేకపోతే వాటికి విలువ ఉండదు. దీర్ఘకాలిక జబ్బు ఏదైనా ఉంటే ఈక్వాలిటీ చట్టం, 2010 కింద సర్దుబాట్లు కోరే హక్కుంది.

మూడో మెట్టులో హెచ్చరిక, షరతులు, కొంతకాలం సస్పెన్షన్, చివరగా తొలగింపు ఉంటాయి. తేలికైన చర్యతో సరిపోయేచోట పెద్ద శిక్ష వేయకూడదు. షెఫీల్డ్ యూనివర్సిటీలో సోషల్ వర్క్ చదివే ఫెలిక్స్ ఎన్‌గోలే 2015లో స్వలింగ సంపర్కం గురించి తన మత విశ్వాసాల ప్రకారం ఫేస్‌బుక్‌లో కామెంట్లు పెడితే, ఆ యూనివర్సిటీ అతన్ని కోర్సులోంచి తీసేసింది. హెచ్చరికలాంటి దారులు చూడకుండా ఏకంగా తొలగించడం మితిమీరిన చర్య అని 2019లో అప్పీల్ కోర్టు తప్పుపట్టి, కొత్త ప్యానెల్ మళ్లీ విచారించాలంది. అది భావప్రకటన కేసు, మీది దొంగ సంతకం కేసు. ఫలితం అలాగే ఉంటుందని ఆశపెట్టుకోవద్దు, కానీ తేలికైన చర్య ఎందుకు సరిపోదో చెప్పమని అడగడానికి ఆ తీర్పు ఆధారం.

మానేసి వేరేచోట చేరే ఆలోచన మాత్రం విరమించుకోండి. ముందు కోర్సు ఎందుకు ఆగిందని కొత్త యూనివర్సిటీ అడుగుతుంది, రెఫరెన్స్ కోరుతుంది. దాచిపెడితే నిజాయితీ మీద రెండో మచ్చ పడుతుంది. పైగా కోర్సు వదిలేసిందని యూనివర్సిటీ వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోం ఆఫీసుకు తెలపాల్సిందే, ఆపైన వీసాను సాధారణంగా 60 రోజులకు కుదించేస్తారు. తొలగించినా అంతే. సస్పెన్షన్ పడితే వీసా ఏమవుతుందో ఇంటర్నేషనల్ ఆఫీసును ముందే అడగమనండి.

నిర్ణయం వ్యతిరేకంగా వస్తే ముందు యూనివర్సిటీలోనే అప్పీలు చేయాలి, దానికి గడువు చాలా తక్కువ. అదీ అయ్యాక ‘కంప్లీషన్ ఆఫ్ ప్రొసీజర్స్’ లెటర్ ఇస్తారు. దాని తేదీ నుంచి 12 నెలల్లోపు యూనివర్సిటీల మీద విద్యార్థుల ఫిర్యాదులు చూసే ఓఐఏ అనే స్వతంత్ర సంస్థకు ఫిర్యాదు చేయొచ్చు, విద్యార్థికి ఫీజు లేదు. కోర్టులో జ్యుడీషియల్ రివ్యూకి (నిర్ణయం చట్టప్రకారం జరిగిందా అన్న పరిశీలనకి) వెళ్లాలంటే ఆలస్యం చేయకూడదు, 3 నెలలు ఆఖరి హద్దు. సాధారణంగా కోర్టు ముందు ఓఐఏకు వెళ్లమంటుంది.

ఇక మీరు చేయగలిగింది. ఆమె మేజర్ కాబట్టి రాతపూర్వకంగా అనుమతి ఇస్తే తప్ప యూనివర్సిటీ మీతో మాట్లాడదు. తెలిసినవాళ్ల ద్వారా ఆ సూపర్‌వైజర్‌కు ఫోన్ చేయించే ప్రయత్నం దయచేసి వద్దు, సాక్షి మీద ఒత్తిడి తెచ్చారన్న ఇంకో ఆరోపణ వస్తుంది. స్టూడెంట్స్ యూనియన్‌లో ఉచితంగా సాయపడే అడ్వైజర్లుంటారు, విచారణలో పక్కన కూర్చుంటారు కూడా. రేపే అపాయింట్‌మెంట్ తీసుకోమనండి. లెటర్‌తోపాటు ప్యానెల్‌కు ఇవ్వబోయే ఆధారాలన్నీ ముందే తనకూ పంపమని ఈమెయిల్ పెట్టమనండి. అవి చదివాకే స్టేట్‌మెంట్ రాయడం మొదలుపెట్టాలి.