ఒకే తండ్రి పిల్లలం, అన్నదో దారి నాదో దారి

కూలీ కొడుకు కూలీగానే మిగులుతాడా, మీ ఇంట్లో ఏం జరిగింది అని అడిగారు. మా ఇంట్లో రెండూ జరిగాయి.

మాది పాత మహబూబ్‌నగర్ జిల్లా, అంటే పాలమూరులో, మక్తల్ దగ్గర పల్లె. 1955లో మొదలైన నాగార్జునసాగర్ డ్యామ్‌కు మా తాత రాళ్లు మోశాడు. ఆ నీళ్లు నల్లగొండకూ గుంటూరుకూ పారాయి, మా చేనుకు మాత్రం ఇప్పటికీ వానే దిక్కు. నాయిన కూడా పాలమూరు లేబరే, అంటే దూర ఊళ్లకు పనికి పోయే వలస కూలీ. దసరా దాటగానే కూలీలను పోగేసే గుంపు మేస్త్రీ అడ్వాన్స్ ఇచ్చి పుణెకు తీసుకుపోతే, మళ్లీ ఉగాదికి ఊరు చేరేవాళ్లు.

పుణెలో అమ్మ ఇటుకలు మోస్తుంటే చంటిపిల్ల చెల్లెను ఎత్తుకోవడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి అన్న. మూడో తరగతిలో ఉండగా వాళ్లతో పుణె పోయాడు. రెండేళ్లు చూసి బడిలో పేరు కొట్టేశారు. నన్ను నాయనమ్మ దగ్గర వదిలారు, ఐదో తరగతిలో గురుకులం సీటు వచ్చింది. తెలివి నాకే ఎక్కువనుకోకండి, వడ్డీ లెక్కలు అన్న ఇప్పటికీ నోటితోనే చేసేస్తాడు. నేను ఏడాదంతా ఒకేచోట ఉన్నాను, అంతే. పేద దేశాల్లో తల్లిదండ్రుల చదువే పిల్లల చదువును ఎక్కువగా నిర్ణయిస్తోందని ప్రపంచ బ్యాంకు 2018లో చెప్పింది. మరి ఒకే తల్లిదండ్రుల పిల్లల్లో ఇంత తేడా ఎందుకొచ్చినట్టు?

ఎనిమిదిలో ఉన్నప్పుడు సెలవులకు వచ్చి మేస్త్రీ నోట్‌బుక్ చదివాను. నాయిన వేలిముద్ర పైన ఒకే నెల వడ్డీ రెండుసార్లు రాసి ఉంది. చూపిస్తే "పొరపాటైంది బిడ్డా" అని మేస్త్రీ నవ్వుతూ ఒక లెక్క కొట్టేశాడు. ఇంటికొచ్చాక నాయిన నన్నే తిట్టాడు. వచ్చే ఏడు అడ్వాన్స్ ఇవ్వడేమోనని ఆయన టెన్షన్.

2006లో ఉపాధి హామీ వచ్చాక అమ్మ పుణె పోవడం మానేసింది. 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ పుణ్యాన నేను ఇంజినీరింగ్ చేశాను. 2014లో కోర్సు అయిపోయింది, కానీ ప్రభుత్వం నుంచి ఫీజు రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపింది. చేతిలో ఆఫర్ లెటర్, జాయినింగ్‌కు పది రోజులు. నాయిన అదే మేస్త్రీ దగ్గరికి పోయి 30,000 తెచ్చాడు.

ఆ బాకీ కింద ఆ దసరాకు అన్నా వదినా పుణె బస్సెక్కారు. మూడేళ్ల కొడుకునూ వెంట తీసుకుపోతామంటే అమ్మ ఒప్పుకోలేదు. వాడు ఊళ్లోనే ఉండి అంగన్‌వాడీకి పోయాడు.