యతి దగ్గర ఆగాలా?

సందేహం: ఆంధ్రా యూనివర్సిటీలో తెలుగు పరిశోధక విద్యార్థిని. కవిత్వపు భాషాశాస్త్రం మీద ఒక ఆంగ్ల వ్యాసాన్ని తెలుగు చేస్తూ ‘సీజూరా’ను (పద్యపాదం మధ్యలో వచ్చే ఆగుడును) ‘యతి’ అన్నాను. మా గైడు గారు కొట్టేశారు. యతి అంటే విరామమని నిఘంటువులో ఉంది కదండీ?
– ఒక పాఠకురాలు, పెదవాల్తేరు, విశాఖపట్నం

సమాధానం: నిఘంటువు తప్పు కాదమ్మా, కొట్టేయడమూ తప్పు కాదు. నిఘంటువు చెప్పింది సంస్కృతం యతి. శార్దూలవిక్రీడితం అనే వృత్తం లక్షణంలో ‘సూర్యాశ్వైః’ అంటారు. అక్కడ ఆ మాటలు అంకెలకు గుర్తులు: సూర్యులు 12, అశ్వాలు 7. పన్నెండో అక్షరం దగ్గర మాట తెగాలి, గొంతు ఆగాలి. తెలుగు శార్దూలానికి యతి పదమూడో అక్షరం, అంటే ఆ విరామం దాటగానే వచ్చేది. చోటు అదే, పని వేరు. మనకు ఆగనక్కర్లేదు, పాదం మొదటి అక్షరంతో మైత్రి, అంటే ధ్వనిలో పొత్తు, కుదిరితే చాలు. దీనికి ‘వడి’ అనే పాత పేరు కూడా ఉంది. నాకు అదే ఇష్టం, ఈ తికమక ఉండదు.

పోతన గారి పాదమే చూడండి: ‘అమ్మలఁ గన్నయమ్మ ముగురమ్మల మూలపుటమ్మ’. ఉత్పలమాలకు యతి పదో అక్షరం. లెక్కపెడితే అది ‘ముగురమ్మల’లోని ‘ర’. మాట నట్టనడుమ! మీ ఉత్తరం చూశాక ఆర్కే బీచ్‌లో నడుస్తూ పైకే చదువుకున్నాను (పల్లీలమ్మే కుర్రాడు వింతగా చూశాడు). నా గొంతు ‘గన్నయమ్మ’ దగ్గర ఆగింది గాని ‘ర’ దగ్గర ఆగలేదు.

అసలు ‘అ’కు ‘ర’తో మైత్రేమిటి? ముగురు + అమ్మల. సంధిలో కలిసిపోయిన ‘అ’తోనే కవి వడి కుదిర్చాడు. చెవికి వినిపించేది ‘ర’, ఛందస్సు లెక్కలోకి తీసుకున్నది సంధికి ముందున్న రూపం. మీ పరిశోధనకు పనికొచ్చేది ఇక్కడుంది. భాషాశాస్త్రవేత్త పాల్ కిపార్‌స్కీ 1968లో ఫిన్నిష్ కావ్యం ‘కాలెవాలా’ గురించి ఇలాంటి వాదనే చేశాడు: ఆ ఛందస్సుకు కావలసింది పైకి పలికే రూపం కాదు, ధ్వనిమార్పులు జరగకముందు రూపం అని. మన లాక్షణికులు (ఛందస్సు నియమాలు రాసినవారు) స్వరయతి, అంటే అచ్చుకు అచ్చుతో కుదిరే యతి, పాఠంలో సంధి విడదీసి చూడమని చెప్పేది కూడా అదే.

మీ అనువాదంలో ‘పాదమధ్య విరామం’ అని రాయండి. పొడుగైతే ‘విరతి’ చాలు.