మెడ గడ్డలో క్యాన్సర్ తేలింది, మూలం కనపడటం లేదు: స్కాన్‌లో దొరుకుతుందా?

మెడ గడ్డలోంచి సూదితో తీసిన నమూనాలో స్క్వామస్ సెల్ క్యాన్సర్ (నోరు, గొంతు లాంటి చోట్ల పైపొర కణాల్లో పుట్టేది) అని వచ్చి, నోరు, గొంతు పరీక్షిస్తే ఏమీ కనపడకపోతే స్కాన్ మూలాన్ని, అంటే క్యాన్సర్ మొదలైన చోటును, పట్టుకోగలదు, ప్రతిసారీ కాదు.

ముందు ఆ నమూనాకే పీ16 (హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చే క్యాన్సర్‌కు గుర్తుగా చూసే ప్రోటీన్), ఈబీవీ (ఎప్‌స్టీన్-బార్ వైరస్) పరీక్షలు చేయించాలి. పై మెడ గడ్డలో పీ16 పాజిటివ్ అయితే అనుమానం టాన్సిల్ మీద, నాలుక మొదలు మీద. ఈబీవీ ఉంటే ముక్కు వెనక భాగం మీద. కాంట్రాస్ట్ మందుతో సీటీ లేదా ఎంఆర్ఐ తీసినా చోటు తెలియకపోతే పెట్-సీటీ, అంటే రేడియోధార్మిక గ్లూకోజ్ ఎక్కించి, దాన్ని ఎక్కువగా పీల్చుకునే చోట్లు వెలుగుతూ కనపడేలా తీసే స్కాన్.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు, గొంతులో బయాప్సీ చేశాక పెట్‌కి పంపడం. కోసిన చోట వాపు కూడా గ్లూకోజ్ పీల్చుకుని క్యాన్సర్‌లాగే వెలుగుతుంది. అందుకే పెట్ ముందు, బయాప్సీ తర్వాత.

స్కాన్‌కు ముందు 4 నుంచి 6 గంటలు ఏమీ తినకూడదు, నీళ్లు తాగొచ్చు. షుగర్ 200 దాటితే సాధారణంగా వాయిదా వేస్తారు. ఎఫ్‌డీజీ (ఆ రేడియోధార్మిక గ్లూకోజ్) ఎక్కించాక సుమారు 60 నిమిషాలు వెచ్చగా, మాట్లాడకుండా, ఏమీ నమలకుండా కూర్చోవాలి. ఫోన్‌లో మాట్లాడితే స్వరపేటిక కండరాలు వెలుగుతాయి. చలికి మెడలోని గోధుమరంగు కొవ్వు (ఒంట్లో వేడి పుట్టించేది) వెలుగుతుంది.

టాన్సిళ్లు మామూలుగానే కొంత వెలుగుతాయి, కాబట్టి రెండు వైపులా తేడా ఉందా అన్నది చూడాలి. కొన్ని మిల్లీమీటర్ల కణితి అసలు కనపడకపోవచ్చు. స్కాన్‌లో ఏమీ లేదన్నా మత్తిచ్చి ఎండోస్కోపీ చేయాల్సిందే. అవసరమైతే టాన్సిల్ మొత్తం తీసి పరీక్షిస్తారు, పైపై ముక్కలో లోపలి కణితి తప్పిపోతుంది గనక.