తలకిందుల ఫొటో మళ్లీ ఎందుకు నిలబడుతోంది?

బెంగళూరు హలసూరు నుంచి ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "వాన వెలిశాక రోడ్డు మీది నీటి గుంటల్లో కనబడే భవనాల ప్రతిబింబాలను ఫోనుతో తీసి, ఫొటోను తలకిందులు చేసి, ప్రతిబింబమే అసలు దృశ్యంలా కనిపించేలా మలుస్తుంటాను. నా ఫోనులో బాగానే ఉన్న చిత్రం ప్రింటు దుకాణంలో తెరిస్తే మళ్లీ మామూలుగా నిలబడుతోంది. బోర్డుల మీది అక్షరాలు కూడా తిరగబడుతున్నాయి. ఒక పోటీకి అసలు ఫైలే పంపమన్నారు, ఏం చేయాలి?"

వానలు మొదలైనప్పటి నుంచి ఈ ఫిర్యాదు రకరకాల మాటల్లో వస్తూనే ఉంది. ముందు అక్షరాల సంగతి చూద్దాం. నీటిలో బింబం పైకీ కిందికీ మాత్రమే తారుమారవుతుంది, ఎడమ కుడిలు మారవు. మీరు రొటేట్ బటన్‌తో 180 డిగ్రీలు తిప్పినప్పుడు ఎడమ కుడిలు కూడా మారిపోతాయి కనుక, బోర్డు కన్నడంలో ఉన్నా తెలుగులో ఉన్నా చదవడానికి వీలుండదు. తిప్పడానికి బదులు నిలువుగా ఫ్లిప్ చేస్తే, అంటే పైకిందులను మాత్రమే తారుమారు చేస్తే, నీటిలోని అక్షరాలు సరిగ్గా వస్తాయి.

ఇక రెండో సంగతి. మీరు ఫోనును ఎలా పట్టుకున్నా కెమెరా సెన్సర్ తన వరుసలోనే పిక్సెళ్లను రాసుకుంటుంది, ఆపై ఫోను వంపును పసిగట్టే యాక్సిలరోమీటర్ భూమ్యాకర్షణ దిశను చూసి చెప్పినదాన్ని బట్టి, ఫైలులో ఫొటో వివరాలుండే ఎగ్జిఫ్ అనే భాగంలో 1 నుంచి 8 వరకు ఒక అంకె చేరుతుంది. 1 అంటే ఉన్నదున్నట్టు చూపమని, 3 అంటే 180 డిగ్రీలు తిప్పి చూపమని అర్థం. కొన్ని గ్యాలరీ యాప్‌లు మీరు ఫొటోను తిప్పినప్పుడు పిక్సెళ్లను కదపకుండా ఈ అంకెనే మార్చి ఊరుకుంటాయి. ఆ అంకెను పట్టించుకోని ప్రింటు సాఫ్ట్‌వేర్‌కు మీ శ్రమంతా కనబడదు. ఫోనును గుంట మీద బల్లపరుపుగా పట్టుకుని తీసినప్పుడైతే భూమ్యాకర్షణ తెరకు లంబంగా పోతుంది కాబట్టి, ఏది పైవైపో ఫోనుకే తెలియక అంతకుముందున్న అంచనాతో సరిపెట్టుకుంటుంది. ఎగ్జిఫ్ ప్రమాణం 1995లో జపానులో పుట్టింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఒక్క అంకెను అందరూ ఒకేలా చదవకపోవడం సాఫ్ట్‌వేర్ రాసేవారి అలసత్వమే తప్ప మీ తప్పు కాదు. పాత స్టూడియోల్లో నల్ల గుడ్డ కింద తల దూర్చిన ఫొటోగ్రాఫర్ గాజు పలక మీద మనుషులను తలకిందులుగా చూసే పనంతా చక్కబెట్టేవాడు, ఇప్పటి యాప్‌లకేమో చిత్రం నిటారుగా లేకపోతే అదొక దోషంలా తోస్తుంది.

అందుకని ఎడిటర్‌లో ఫ్లిప్ చేసి, అంచును ఒక వెంట్రుక వాసి కత్తిరించి, కొత్త ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేయండి. అప్పుడు పిక్సెళ్లే కొత్త వరుసలో చేరతాయి. స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టుకోవద్దు, 1080×2400 తెర మీద దక్కేది దాదాపు 26 లక్షల పిక్సెళ్లే, 12 మెగాపిక్సెళ్ల ఫొటోలో ఉండేవి కోటీ ఇరవై లక్షలు.

నన్ను అసలు కలవరపెట్టింది మీ ఉత్తరంలోని చివరి వాక్యం. కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే, దిశను చెప్పే అంకె ఉన్న ఆ ఎగ్జిఫ్ భాగంలోనే ఫొటో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఉంటుంది, ఆరుబయట తీసినదైతే అది కొద్ది మీటర్ల తేడాతో మీ గుమ్మాన్ని చూపగలదు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరాలు రాలిపోతాయి, కానీ నాణ్యత తగ్గకూడదని డాక్యుమెంటుగా పంపితే అన్నీ వెంట వెళతాయి. పోటీల కోసం అందరూ చేసేది ఈ రెండో పనే. మంచం అంచు నుంచి తల వేలాడేసి నవ్వుతున్న పాప ఫొటోను అలా అపరిచితుల గుంపులో పెట్టడమంటే, పాప ముఖంతో పాటు ఇంటి చిరునామా కూడా ఇచ్చినట్టే. ఎగ్జిఫ్ మొత్తం తుడిచేసే యాప్‌ను వాడారంటే దిశ అంకె కూడా పోయి బొమ్మ మళ్లీ తిరగబడవచ్చు. కాబట్టి ముందు పైన చెప్పినట్టు కొత్త ఫైలు చేసుకోండి, దాని వివరాల్లో లొకేషన్ మిగిలి ఉంటే ఆ తర్వాతే తొలగించండి, ఇకపై తీసేవాటికి కెమెరా సెట్టింగుల్లోనే లొకేషన్ ఆపేయండి. ఒక్క ఫ్లిప్ కోసం మొత్తం గ్యాలరీని అడిగే ఉచిత యాప్‌కు మాత్రం అనుమతి ఇవ్వకండి, మీ ఆధార్ కార్డు ఫొటో కూడా అందులోనే ఉండి ఉంటుంది.

ఇప్పటికే అసలు ఫైళ్లు పంపి ఉంటే వాటిని గుంపులో అందరికీ కనబడకుండా తొలగించి, పోటీ నిర్వాహకులకు కొత్తవి పంపండి. ఈలోగా ఎవరైనా దించుకుని దాచుకున్న ప్రతులు మాత్రం వారి దగ్గరే ఉండిపోతాయి.