టచప్ పనికి చిన్న స్ప్రే గన్: 0.8 నాజిలా, 1.0 నాజిలా?

మీరు అడిగింది ఇదీ: 25 లీటర్ల ట్యాంకున్న 1 హెచ్‌పీ కంప్రెసర్ చేతిలో ఉంది. చెక్క సామాను మీద లక్కర్, పీయూ (పాలీయురేథేన్) ఫినిష్ దెబ్బతిన్న చోట్లు, కారు మీద అరచేతి లోపు గీతలు సరిచేయాలి. చిన్న గన్‌లో ఏ నాజిల్ తీసుకోవాలి, పెన్ను లాంటి ఎయిర్‌బ్రష్‌తో సరిపెట్టుకోవచ్చా అని.

పైన కప్పుండే గ్రావిటీ రకం మినీ గన్, 100 నుంచి 150 మి.లీ. కప్పు, 1.0 మి.మీ. నాజిల్ తీసుకోండి. అదే గన్‌కి 0.8 సెట్ (నాజిల్, దాని రంధ్రాన్ని మూసే నీడిల్ అనే సూది) విడిగా దొరుకుతుందో లేదో కొనేముందే చూసుకోండి. దొరకని గన్ అయితే మిగతా గుణాలు ఎన్ని ఉన్నా పక్కన పెట్టేయండి.

ఇప్పుడు ఎందుకో చెప్తాను. టచప్‌లో మచ్చ మధ్యభాగం ఎవరైనా బాగానే కొడతారు. పట్టుబడేది అంచు దగ్గర. కొత్త రంగు పాత రంగులోకి ఎక్కడ కలిసిపోయిందో కనబడకూడదు. అందుకని గన్ ఎంత వేగంగా రంగు కప్పుతుందన్నది మనకు అనవసరం. తక్కువ ప్రెషర్‌లో, ట్రిగ్గర్ సగం లాగినప్పుడు కూడా సన్నటి బిందువులు వేయగలదా లేదా అన్నదే లెక్క. ఆ పని నాజిల్ ఒక్కటే చేయదు, ఎయిర్ క్యాప్, అంటే నాజిల్ చుట్టూ గాలి వదిలే రంధ్రాల మూత చేస్తుంది. 0.8 అని చెక్కి ఉన్నా క్యాప్ రంధ్రాలు వంకరగా తొలిచిన గన్ తుంపర్లే వేస్తుంది. మంచి క్యాప్ ఉన్న 1.0 దానికంటే సన్నగా కొడుతుంది.

ముందు గాలి లెక్క తేల్చుకుందాం. మినీ హెచ్‌వీఎల్‌పీ గన్‌లు (తక్కువ ప్రెషర్‌తో ఎక్కువ గాలి వదిలే రకం) చాలావరకు నిమిషానికి సుమారు 100 నుంచి 150 లీటర్ల గాలి తీసుకుంటాయి. పెద్ద హెచ్‌వీఎల్‌పీ గన్ 350 పైనే. మీ కంప్రెసర్ లేబుల్ మీద 150 అని ఉన్నా అది సిలిండర్ ఘనపరిమాణం లెక్క. బయటికొచ్చే గాలి అందులో దాదాపు మూడింట రెండు వంతులే ఉంటుంది, 90–100 అనుకోండి. ట్యాంకు 8 బార్ నుంచి 3 బార్ దాకా దిగేలోపు వాడుకోగలిగేది 25 × 5, అంటే 125 లీటర్లు. 120 తాగే మినీ గన్‌తో లోటు నిమిషానికి 30 లీటర్లు, కాబట్టి ట్రిగ్గర్ వదలకుండా పట్టినా 4 నిమిషాలు నడుస్తుంది. టచప్‌లో ఒక కోటు అర నిమిషం కూడా పట్టదు కాబట్టి ఇది ధారాళం. అదే ట్యాంకుకి పెద్ద గన్ తగిలిస్తే లోటు 260, అర నిమిషంలోపే ప్రెషర్ పడిపోతుంది. అలా పడిపోతున్నప్పుడు కొట్టిన క్లియర్ (రంగు మీద వేసే పారదర్శక పూత) చివర నారింజ తొక్కలా తేలుతుంది. చాలామంది దీన్ని చూసి గన్‌ని తిడతారు.

ట్యూబు సంగతి మర్చిపోకండి. లోపలి వ్యాసం 8 మి.మీ. ఉన్నది వాడండి. చుట్టలు చుట్టుకునే సన్నటి ట్యూబుల్లో, ఇరుకు కప్లింగుల్లో ప్రెషర్ సగం దారిలోనే పోతుంది. రెగ్యులేటర్ ఎక్కడున్నా గేజి ఒకటి గన్ పిడి దగ్గర పెట్టి, ట్రిగ్గర్ పూర్తిగా లాగి ఉంచి రీడింగ్ చూడాలి. ట్రిగ్గర్ వదిలి చూసిన అంకె పనికిరాదు. నీళ్ళు పట్టే ఫిల్టర్‌ని కంప్రెసర్ పక్కన కాకుండా ట్యూబు చివర బిగించండి. వేడి గాలి చల్లబడ్డాకే అందులో తేమ నీరవుతుంది.

ఇక నాజిల్. లక్కర్, బేస్ కోటు (క్లియర్ కింద వేసే రంగు పొర), స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు) లాంటి పల్చటివాటికి 0.8 బాగుంటుంది. రంగుని అంచు దాటించి పొగలా వదలడంలో దానికి సాటి లేదు. కాని టూకే క్లియర్ (గట్టిపరిచే హార్డెనర్ కలిపి వాడేది), పీయూ దగ్గర 0.8 ఇబ్బంది పెడుతుంది. రంగు చాలినంత రాక పొడిపొడిగా పడుతుంది, దాంతో మనం థిన్నర్ ఎక్కువ కలుపుతాం. క్లియర్‌లో కంపెనీ చెప్పిన పాళ్ళు దాటి థిన్నర్ పోస్తే జారుతుంది, ఆరాక మెరుపు చచ్చిపోతుంది. క్లియర్‌కి 1.0 చాలు, దళసరి క్లియర్‌కి 1.2. ప్రైమర్ సర్ఫేసర్‌ని (రంగు కింద గుంటలు నింపే దళసరి పూత) ఈ గన్‌లో పోయకండి. దానికి 1.4 పైన ఉన్న వేరే చౌక గన్ ఒకటి ఉంచుకుంటే మంచిది. ఒకసారి ప్రైమర్ తాగిన గన్ లోపల పొడి ఎక్కడో ఒకచోట మిగిలి, తర్వాత క్లియర్‌లో నలుసై బయటపడుతుంది.

ఎయిర్‌బ్రష్ 0.2 నుంచి 0.5 మి.మీ. ఉంటుంది. గింజంత చిప్పు, చెక్క మీద నార గీతలు దిద్దడం, రంగు సరిచేయడం లాంటి వాటికి భేషుగ్గా ఉంటుంది. దాంతో క్లియర్ మాత్రం కొట్టకండి. వెడల్పు చాలదు. పక్క పట్టీ వేసేలోపు మొదటి పట్టీ ఆరిపోయి, చారలు చారలుగా గరుకు తేలుతుంది.

కొట్లో గన్ చేతిలోకి తీసుకున్నాక గాలీ రంగూ లేకుండానే కొన్ని తెలిసిపోతాయి. క్యాప్ విప్పకుండా ఎదురుగా వెలుతురుకి పెట్టి చూడండి. నాజిల్ మొనకీ క్యాప్ నడి రంధ్రానికీ మధ్య ఉంగరంలాంటి సందు ఉంటుంది. ఆ సందు చుట్టూతా ఒకే మందంలో ఉండాలి. ఒక పక్క వెంట్రుకంత, మరో పక్క గోరంత ఉంటే ఆ గన్ జన్మలో సరిగ్గా కొట్టదు. తర్వాత ట్రిగ్గర్‌ని మెల్లగా లాగుతూ నీడిల్ మొన చూడండి. ముందు గాలి వాల్వు తెరుచుకుని, వేలికి కొంచెం బరువు తగిలాకే నీడిల్ వెనక్కి కదలాలి. ఆ రెండు మెట్ల మధ్య తేడా లేని గన్ ప్రతి స్ట్రోకు మొదట్లో చుక్క ఉమ్ముతుంది. నీడిల్ తీసి మొన మీద గోరు జార్చండి, ఎక్కడా మెట్టు తగలకూడదు. పాత గన్ అయితే నాజిల్‌లో కూర్చునే చోట మెరిసే ఉంగరం గీత కనబడుతుంది. అది లోతుగా ఉంటే నీడిల్, నాజిల్ రెండూ కలిపి మార్చాల్సిందే. ఒకటి మార్చి ఒకటి ఉంచితే కారుతుంది. నీటి ఆధారిత రంగులు వాడే ఆలోచన ఉంటే నాజిల్, నీడిల్ స్టీలువై ఉండాలి.

పేరున్న వాటిలో సాటా మినీజెట్, ఇవాటా ఎల్‌పీహెచ్-80, డెవిల్‌బిస్ ఎస్ఆర్ఐ ఈ తరగతివే. చిన్న కంప్రెసర్ ఉన్నవాళ్ళకి ఎల్‌పీహెచ్-80 వైపు మొగ్గమంటాను, గాలి చాలా తక్కువ తీసుకుంటుంది. వాటి నకళ్ళూ దొరుకుతాయి. కొన్ని బాగానే కొడతాయి, కాని వాషరు పోతే దానికి సరిపడేది దొరక్క గన్ మూలన పడుతుంది.

కొన్నాక నేరుగా వస్తువు మీదికి వెళ్ళకండి. గోడకి కాగితం అంటించి, 12–15 సెం.మీ. దూరంలో కదలకుండా పట్టుకుని ఒక్క క్షణం ట్రిగ్గర్ లాగి వదలండి. నిలువు కోడిగుడ్డు ఆకారం రావాలి, మధ్య తడిగా, అంచులు మసకగా. మధ్యలో సన్నబడి రెండు కొసల్లో బరువుగా ఉంటే రంగుకి మించి గాలి ఉంది. ప్రెషర్ తగ్గించండి లేదా పట్టీ వెడల్పు మార్చే ఫ్యాన్ నాబ్ కొంచెం మూయండి. నడుమ ముద్దగా ఉండి అంచుల్లో పెద్ద బిందువులుంటే గాలి చాలడం లేదు, లేకపోతే రంగు చిక్కగా ఉంది. అరటిపండులా వంగితే క్యాప్ కొమ్ముల్లో (ముందుకు పొడుచుకొచ్చిన రెండు చెవుల్లో) ఒక రంధ్రం మూసుకుంది. ఏదైనా తేడా ఉన్నప్పుడు క్యాప్‌ని సగం చుట్టు తిప్పి మళ్ళీ కొట్టండి. వంకర కూడా తిరగబడితే దోషం క్యాప్‌ది, అలాగే ఉంటే నాజిల్‌ది లేదా నీడిల్‌ది.

ఇంకో పరీక్ష ఉంది, ఇది గన్ గుట్టంతా బయటపెడుతుంది. క్యాప్‌ని పావు చుట్టు తిప్పితే పట్టీ అడ్డంగా పడుతుంది. రంగు కారేదాకా ఒకేచోట కొట్టండి. కారిన ధారలు ఆ చివర నుంచి ఈ చివర దాకా ఇంచుమించు ఒకే పొడుగు ఉండాలి. మధ్యలో రెండే పొడుగ్గా దిగి పక్కలవి ఆగిపోతే రంగు నడిమికే పోతోందన్నమాట. అలాంటి గన్‌తో అంచు కలపడం కష్టం.

సెట్టింగులకి ఒక మొదలు చెప్తాను, అక్కడి నుంచి మీరు జరుపుకోండి. హెచ్‌వీఎల్‌పీ అయితే క్యాప్ దగ్గర 0.7 బార్, అంటే 10 పీఎస్ఐ దాటకూడదు. గన్ దగ్గర గేజి మీద అది సాధారణంగా 2 బార్ లోపే వస్తుంది, అసలు అంకె గన్ మీదో దాని కాగితంలోనో ఉంటుంది. బేస్ కోటు 1.5 బార్‌తో మొదలుపెట్టండి. అంచు కలిపేటప్పుడు 1.0–1.2కి దించి, రంగు నాబ్ కూడా సగం మూయండి. లక్కర్‌ని డిన్ 4 కప్పులో (అడుగున 4 మి.మీ. రంధ్రంతో చిక్కదనం కొలిచే కప్పు) 15 సెకన్ల దరిదాపుల్లో ఖాళీ అయ్యేలా పలచన చేయండి. ఏ రంగైనా 125 మైక్రాన్ల వడపోత దాటి కప్పులోకి రావాలి.

చెక్క మీద నైట్రో లక్కర్ ఉంటే మీ అదృష్టం. కొత్త పొర పాత పొరని కరిగించి అందులో కలిసిపోతుంది, అంచు మాయమవుతుంది. తేమ రోజుల్లో తెల్లగా మంచు పట్టినట్టయితే నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్ కొంచెం కలపండి. పీయూ, టూకే క్లియర్ అలా కరగవు. వాటిలో అంచుని ఎంత పల్చగా వదిలినా పాలిష్ చేసేటప్పుడు ఉంగరంలా గీత తేలే ప్రమాదం ఉంది. అందుకని కారు మీద బేస్ కోటుని మచ్చ చుట్టూ మాత్రమే వేసి, క్లియర్‌ని ఆ ప్యానెల్ అంచు దాకా తీసుకెళ్ళాలి. చెక్క తలుపైతే ఆ పలక జాయింటు దాకా. క్లియర్ మధ్యలో ఆపక తప్పకపోతే చుట్టూ 2000 కాగితంతో రుద్ది, ఆఖరి కోటు తడి మీదే కప్పులో ఫేడ్ థిన్నర్ (అంచుని కరిగించి కలిపే థిన్నర్) పోసి అంచు మీద రెండు పల్చటి విసుర్లు వేయండి. మూడోది వేస్తే కారుతుంది.

మెటాలిక్ రంగుతో మరో చిక్కు. తడిగా కొడితే రంగు ముదురుగా, పొడిగా కొడితే లేతగా కనబడుతుంది, రంగులోని సన్నటి లోహపు రేకులు పడుకునే తీరు మారుతుంది కాబట్టి. అంచేత శాంపిల్ కార్డుని పెద్ద గన్‌తో కొట్టి, మచ్చని చిన్న గన్‌తో కొడితే డబ్బాలో రంగు ఒకటే అయినా తేడా కొడుతుంది. ఏ గన్, ఏ ప్రెషర్‌తో పని చేస్తారో కార్డు కూడా దాంతోనే కొట్టి, క్లియర్ వేసి, పక్కన పెట్టి ఏటవాలు వెలుతురులో చూడాలి.

టూకే క్లియర్ హార్డెనర్‌లో ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసైనేట్లు ఉంటాయి. చిన్న గన్, చిన్న మచ్చ అని గుడ్డ కట్టుకుని కొట్టేయకండి. బయటి నుంచి గాలి అందించే మాస్కు దీనికి సరైనది. కిటికీ తెరిచామనో, కాగితం మాస్కు ఉందనో ధైర్యం పనికిరాదు.

గన్ నడుస్తూ నడుస్తూ వెక్కిళ్ళు పెడితే కప్పులోకి చూడండి. బుడగలు వస్తుంటే నాజిల్ వదులైంది లేదా దాని సీలు దెబ్బతింది. బుడగలు లేకుండా రంగు రానురాను సన్నబడి ఆగిపోతే మూత మీది గాలి రంధ్రంలో రంగు ఎండి మూసుకుపోయింది. ఇవేవీ కాకుండా వెక్కిళ్ళుంటే నీడిల్ వెనక ప్యాకింగ్ నట్టు కొద్దిగా బిగించండి, నీడిల్ పట్టేసేంత కాదు.

కడిగేటప్పుడు మొత్తం గన్‌ని థిన్నర్‌లో నానబెట్టకండి, లోపలి సీళ్ళు ఉబ్బుతాయి. కప్పులో కొంచెం థిన్నర్ పోసి కొట్టండి, తర్వాత క్యాప్ విప్పి బ్రష్‌తో కడగండి. క్యాప్ రంధ్రాల్లో ఇనుప తీగ పెట్టొద్దు, చెక్క టూత్‌పిక్ చాలు. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న పెయింట్ రిమూవర్ని అల్యూమినియం గన్‌కి తగలనీయకండి. అది లోహాన్ని తినేస్తుంది, మూసిన గన్‌లో ప్రెషర్ పెరిగి పేలొచ్చు కూడా. విప్పేటప్పుడు ముందు నీడిల్ తీసి తర్వాత నాజిల్ తీయాలి. బిగించేటప్పుడు ముందు నాజిల్, తర్వాత నీడిల్. నీడిల్ లోపలుండగా నాజిల్ బిగిస్తే మొన నలిగి 0.8 సెట్ ఆ ఒక్క తిప్పుతో పోతుంది. నీడిల్ ప్యాకింగ్‌కి పూసే గ్రీజులో సిలికాన్ ఉండకూడదు, ఉంటే తర్వాత కొట్టే ప్రతి కోటులోనూ చేప కళ్ళలాంటి గుంటలు పడతాయి.